ఎనిమిదో గల్లీ మీద ఎండ

రేవతి కార్తె, మొదటి రోజు

ఈ రోజు ఎనిమిదో గల్లీ నేల పగలగొట్టాం!

ఈ దినచర్య ఎలా మొదలుపెట్టాలో పట్టణ సభ వాళ్లు చెప్పారు. పేరు, హోదా, పథకం ఉద్దేశం, ఆ తర్వాత జరిగిన పని. రేపు ఇంకో గల్లీలో చెట్లు నాటేవాళ్లకు పనికొస్తుందట. అవన్నీ రాస్తాను. కానీ ముందు ఆ వాసన గురించి రాయకపోతే నా చెయ్యి ఆగదు.

మా నీళ్ల బండి నడిపే సమ్మన్న బ్రేకరుతో సిమెంటు పొడుస్తుంటే గల్లీ జనమంతా చెవులు మూసుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. పెద్ద పెళ్ల ఒకటి పైకి లేచింది. కింద నల్లమట్టి. నేను పుట్టకముందు నుంచీ వెలుగు చూడని మట్టి. బ్రేకరు ఆగింది. వాసన మెల్లగా లేచి ఇళ్లలోకి పోయింది. కొత్త కుండలో నీళ్లు పోస్తే వచ్చే వాసన, కానీ దానికన్నా లోతుగా ఉంది.

కొమురమ్మ పెద్దమ్మ అందరికంటే ముందు వచ్చి, వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంది.

"గదే మన్ను," అంది. "మా అవ్వగారి పెరట్ల గిదే రుచి ఉండె."

"ఉప్పు సరిపోయిందా పెద్దమ్మా?" అన్నాడు సమ్మన్న.

"నీ నోట్లె మన్ను వొయ్య!" అని ఆమె నిజంగానే పిడికెడు మట్టి తీసుకుని అతని నోటి దాకా తెచ్చింది. సమ్మన్న బ్రేకరు వదిలేసి పరుగు పెట్టాడు. గల్లీ అంతా నవ్వింది.

ఇక పద్ధతి ప్రకారం. నా పేరు గొడిశెల సుగుణ. పాతగని పట్టణం, ఎనిమిదో గల్లీలో చెట్ల బాధ్యత చూసే జిమ్మేదారును. మా ఇంట్లో బడికి పోయి చదువుకున్న మొదటి మనిషిని. నేను అవ్వా అని పిలిచే మా అమ్మ, ఓదెమ్మ, కప్పు తుడుస్తుంది. తెల్లవారకముందే తడిగుడ్డలు, బకెట్టు పట్టుకుని నిచ్చెన ఎక్కి, గల్లీ మీద పరిచిన తెల్ల పలకల దుమ్ము తుడిచి, ఎండ ముదరకముందే ముఖానికి చుట్టుకున్న గుడ్డతో కిందికి దిగుతుంది. ఆ పలకలే మాకు కరెంటు, నీడ, చల్లదనం. ఎండదెబ్బకు జనం పిట్టల్లా రాలిపోయిన రోజుల్లో ఊరంతా ఇలా కప్పేశారు. అప్పటి నుంచి మా గల్లీలో వెలుగంటే పలచని మజ్జిగ రంగు. అమ్మలాంటి కొద్దిమందీ, కప్పు రాకముందు పుట్టిన ముసలివాళ్లూ తప్ప ఎండను నేరుగా చూసినవాళ్లు లేరు. నేనూ చూడలేదు. వారానికోసారి వ్యాను తలుపులు మూసుకుని నర్సరీకి పోయి, అక్కడ వల కింద పనిచేసి వచ్చేదాన్ని.

ఇప్పుడు పలకలు పగిలిపోతున్నాయి. కొత్తవి చేసేవాళ్లు లేరు. ఒక గల్లీ మీద పలకలు తీస్తే మిగతా గల్లీల చిల్లులు పూడ్చుకోవచ్చు, కరెంటు అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు. తీయాలంటే ఆ గల్లీకి వేరే నీడ కావాలి. వేరే నీడ అంటే చెట్లు!

వానలు మొదలయ్యే మృగశిర కార్తె మొదటి రోజుకు, నాటిన చెట్లలో నాలుగింట మూడు బతికి ఉండాలి. ఉంటే మా గల్లీ కప్పు తీస్తారు, వానలకు పెరిగిన చెట్లు వచ్చే ఎండాకాలానికి నీడ ఇస్తాయని లెక్క. లేకపోతే గుంతలు మళ్లీ సిమెంటుతో పూడ్చేస్తారు. ఊళ్లో ఇంకెవరూ చెట్ల మాట ఎత్తరు. పలకలు పూర్తిగా అయిపోయిన రోజు ఏం చేస్తారో ఎవరికీ తెలియదు.

బతుకుతాయి. నాకు నమ్మకముంది.


రేవతి కార్తె, చివర

ఎక్కడ ఏ చెట్టు అన్నది కాగితం మీద గీస్తే ఎవరికీ అర్థం కాలేదు. అందుకని గల్లీ నేల మీదే సుద్దముక్కతో గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషిని చేతులు చాచి నిలబెట్టాను. మనుషులే చెట్లు. చేతులు తగిలితే చెట్లు దగ్గరైనట్టు. తగలకుండా రెండు మూరల ఎడం ఉంటే సరిపోయినట్టు. పడమటి వైపు ఇళ్ల ముందు పొడుగువాళ్లను నిలబెట్టాను, సాయంత్రపు ఎండ అటునుంచే కాబట్టి పెద్ద చెట్లు అక్కడ రావాలి. సమ్మన్న నేరేడు. వాళ్లావిడ కానుగ.

"ఇంట్లనే గాదు, గల్లీల గూడ గీమె పక్కనే నిలవడాల్నా?" అన్నాడు సమ్మన్న.

"నేరేడు కాయలు కాస్తది. నువ్వేం గాసినవ్?" అని ఆవిడ చేతులు దించకుండానే అడిగింది.

అసలు గొడవ వేప దగ్గర వచ్చింది. ప్రతి ఇల్లూ వేపే కావాలంది. అన్నీ ఒకే జాతి పెడితే ఒకే పురుగు వచ్చి అన్నింటినీ తినిపోతుందని చెప్పాను. కొన్ని వేప, కొన్ని కానుగ, కొన్ని నేరేడు, కొన్ని తెల్లమద్ది.

"యాప లేని ఇంటోళ్లు సాక ఏడ పొయ్యాలె?" అని కొమురమ్మ పెద్దమ్మ అడిగింది. సాక అంటే అమ్మవారిని చల్లబరచడానికి పోసే పసుపు నీళ్లు. చిన్న ముంతలో నీళ్లు, పసుపు, రెండు వేపాకులు. చెట్లు లేక ఇన్నాళ్లూ మా గల్లీ ఆడవాళ్లు, నర్సరీ నుంచి తెప్పించుకున్న ఆకులు వేసి, ఆ నీళ్లను గుమ్మం పక్క గోడకు చల్లేవారు.

"అమ్మవారు కానుగ కింద కూర్చోనంటుందా పెద్దమ్మా?" అన్నాను.

ఆమె నిజంగా ఆలోచించింది. ఈ గల్లీలో అమ్మవారి తరఫున మాట్లాడేది ఆమే.

"కూసుంటది," అంది చివరికి. "నీడ ఉంటె సాలు, ఏ చెట్టయితేంది. అన్నిటికీ పోద్దాం సాక."

అందరూ ఒప్పుకున్నారు. గొడవ అంత తేలిగ్గా తీరినందుకు నేను ఎగిరి గంతేశాను.


అశ్వని కార్తె

చెట్లు వచ్చాయి!

నది ఒడ్డు నర్సరీ నుంచి, వల కింద పెంచిన చెట్లు, ఒక్కోటి నాకంటే పొడుగు. గల్లీ మొదట్లో బండి ఆగగానే ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. నూట ఇరవై చెట్లు. వేళ్ల చుట్టూ గోనెపట్టా కట్టిన మట్టి ముద్దను నలుగురు కలిసి పట్టుకుని, పురిటి బిడ్డను ఇంట్లోకి తెచ్చినట్టు తెచ్చారు. ఎవరింటి ముందు చెట్టుకు వాళ్లే గుంతలో మట్టి వేశారు. అమ్మ కప్పు మీద నుంచి దిగి, చేతులు కడుక్కోకుండానే మా కానుగకు మట్టి వేసింది.

ప్రతి కాండానికీ ఒక పట్టీ కట్టాం. చెట్టు ఎంత నీళ్లు పైకి లాగుతుందో ఆ పట్టీ చెబుతుంది. గల్లీ మధ్యలో స్టూలు ఎక్కి అందరికీ వివరించాను. పచ్చగా వెలిగితే చెట్టు మంచిగా తాగుతోంది. పసుపు వస్తే తక్కువ తాగుతోంది. ఎరుపు వస్తే తాగడం లేదు, వెంటనే నాకు చెప్పండి. నీళ్లు మీరు పోయక్కర్లేదు, సమ్మన్న బండితో ఏ చెట్టుకు ఎంత కావాలో అంత పోస్తాడు.

"అంటె మన బిడ్డకు వీడు నీళ్లు తాపుతడన్నట్టు," అని ఎవరో అన్నారు.

"నా బిడ్డలకే తాపనోన్ని, మీ బిడ్డలకు తాపుడేంది?" అన్నాడు సమ్మన్న.

సాయంత్రానికి నూట ఇరవై పచ్చ వెలుగులు! పండగ దీపాలు పెట్టినట్టుంది గల్లీ. జనం అన్నం కంచాలు తెచ్చుకుని గుమ్మాల్లో కూర్చుని, వెలుగులు చూస్తూ తిన్నారు. సభ ఇంజనీరు ముజీబ్ సారు కూడా వచ్చి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. నలభై ఏళ్లుగా పలకలు బిగించిన మనిషి.

"మంచిగుంది సుగుణా," అన్నాడు. "కని తొందరపడి సంబురం జేస్కోకు. నాటిన దినం అన్ని చెట్లు బతుకుతయ్."


భరణి కార్తె

మొదటి ఎరుపు వచ్చింది. తెల్లమద్ది, పడమటి వైపు చివరి ఇల్లు. ఆకులు పాలిపోయి వేలాడుతున్నాయి. దాహమేసినట్టే ఉంది. సమ్మన్నతో రెండు బకెట్లు అదనంగా పోయించాను.

మూడు రోజులకు దాని పక్కది. తర్వాత ఎదురిల్లు. వాటికీ నీళ్లు పెంచాం. కొత్త చోట కుదురుకునేటప్పుడు చెట్టుకు కొంచెం బెంగ ఉంటుందని నర్సరీలో చెప్పారు. బెంగే అనుకున్నాను.

ఆడవాళ్లు చెట్ల దగ్గర నిలబడి పట్టీని తడుముతున్నారు. "ఏమాయె తల్లీ, ఎందుకు తాగుతలేవు?" అని అడుగుతున్నారు. గల్లీ ఇంతగా ఒకదాని మీద మనసు పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు.


కృత్తిక కార్తె, మొదట్లో

మూడో వంతు ఎరుపు. ఇలాగే పోతే మృగశిర దాకా సగం కూడా మిగలవు.

బండి నీళ్లు పెంచితే ఎరుపు పెరిగింది. తగ్గించినా పెరిగింది. రెండూ నిజమైతే నేను చూడాల్సింది ఆకులను కాదు. ఈ రోజు ఒక నేరేడు పక్కన మోచేతి లోతు తవ్వాను. గుంతలోకి నీళ్లు ఊరి వచ్చాయి. కుళ్లిన గుడ్డు వాసన. వేలు పెట్టి ఒక వేరు లాగితే నల్లగా, జిగురుగా చేతికి వచ్చింది.

చెట్లు ఎండిపోవడం లేదు. మునిగిపోతున్నాయి! ఊపిరాడని వేరు నీళ్లు లాగదు. లాగకపోతే పట్టీ ఎరుపు.

కానీ ఇన్ని నీళ్లు ఎక్కడివి? సమ్మన్నను నిలదీస్తే అతను బండినే నా ముందు పెట్టి, "నేను దొంగతనంగ నీళ్లు వోత్తున్ననా? మా ఇంట్ల తాగనీకె లెవ్వు, చెట్లకు దొంగతనంగ వోత్తనా?" అన్నాడు. నిజమే, ఇంటికి రోజుకు వచ్చేది రెండు బిందెలు.


కృత్తిక కార్తె, మరునాడు

తెల్లవారుజామున గుమ్మంలో కూర్చుని చూశాను.

మొదట కొమురమ్మ పెద్దమ్మ ముంతతో వచ్చి, ప్రతి చెట్టుకూ ధారగా సాక పోసుకుంటూ పోయింది. ఆమె వెళ్లిన కాసేపటికి పక్కింటావిడ వచ్చి అటూ ఇటూ చూసి చెంబు వంచింది. ఎదురింటి ముసలాయన తాను తాగాల్సిన గ్లాసులో సగం పోశాడు. ఒక తల్లి బిడ్డను చెట్టు మొదట్లో నిలబెట్టి స్నానం చేయించింది. ఇంకొకామె బియ్యం కడిగిన నీళ్లు. ఒకరు లోపలికి వెళ్లాక ఇంకొకరు, ప్రతి గుమ్మం నుంచీ. చివరికి మా అమ్మ కప్పు దిగి వచ్చి, బకెట్టు అడుగున మిగిలిన నీళ్లను మా కానుగకు వంపి, దాని కాండాన్ని తట్టి లోపలికి పోయింది.

ఇంటింటికీ పోయి అడిగాను. ఇంటింటా అదే జవాబు: "నేనొక్కదాన్నే, చెంబెడు."

గొంతు తడుపుకోవడానికి లెక్కపెట్టుకునే ఇళ్లు, తమ వంతు నీళ్లలోంచి తీసి చెట్టుకు పోస్తున్నాయి. నాకు కోపం రావాలి. రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి తాగుతలేదని నువ్వే అంటివి గద బిడ్డా," అంది పక్కింటావిడ. "సంటిది పాలు తాగకుంటె ఇంకో పక్కకు దిప్పి తాపుతం గని ఊకుంటమా?"

పట్టీ చూపించేది చెట్టు ఎంత తాగిందో. జనం చూసింది ఇంకా ఎంత తాపాలో. ఈ గల్లీలో తాగనివాళ్ల ముందు ఖాళీ చేతులతో నిలబడే మనిషి లేడు. స్టూలు ఎక్కి చెప్పేటప్పుడు ఆ సంగతి నాకు తట్టాల్సింది.


కృత్తిక కార్తె, చివర

గల్లీ జనాన్నీ, ముజీబ్ సారునూ పిలిచి సభ పెట్టాం. కుళ్లిన వేరును చేతి నుంచి చేతికి అందించి అందరికీ చూపించాను. వాసన చూసి ముఖాలు తిప్పుకున్నారు, మళ్లీ చూశారు.

అందరి కళ్లూ కొమురమ్మ పెద్దమ్మ మీదికి పోయాయి. సాక ఆపమని ఆమెకు ఎవరు చెబుతారు? ఆమే లేచింది.

"అమ్మను సల్లగ జేద్దమని వోత్తిమి. ఆమె కాళ్లకు జలుబు వట్టిచ్చినం," అంది. "రేపటి సంది సాక గల్లీ మూలకున్న బండకు వోత్త. ఎవలన్న చెట్టుకు వోసిరో, నా ముంత వాళ్ల నెత్తి మీదనే వల్గుతది."

గుంతల పక్కన సన్న బొరియలు చేసి కంకర నింపాం. అయినా మట్టి ఆరడం లేదు. కప్పు కింద ఎండ లేదు, గాలి లేదు. నల్లమట్టి నీళ్లను పట్టుకుని వదలదు. ఆకుకు ఎండ తగిలితే చెట్టు నీళ్లు లాగుతుంది. నేలకు గాలి తగిలితే ఆరుతుంది. మృగశిర దాకా ఆగితే కప్పు తీయడానికి చెట్లు ఉండవు. కప్పు ఇప్పుడే తెరవాలి. రోహిణిలో!

ఈ మాట అనగానే కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఏడాదిలో అన్నిటికంటే భయంకరమైన ఎండ రోహిణిదే.

ముజీబ్ సారు గడ్డం రుద్దుకున్నాడు. "మోటర్లు తుప్పు వట్టినయ్. ఒకసారి తెరుస్తయేమో గని మల్ల మూయవు. చేతుల మీద గుంజాలె. ఇంకో సంగతి. కప్పు కదిలియ్యాల్నంటె గల్లీల ప్రతి ఇల్లు ఒప్పుకోవాలె. పట్టణ సభ వెట్టిన కాన్నుంచి అదే కాయిదా. ఒక్కలు కాదన్నా నేను చేతులు వెట్ట."

ఒక్కో ఇంటినీ అడిగాడు. భయపడుతూనే ఒప్పుకున్నారు. కొమురమ్మ పెద్దమ్మ, "సచ్చెలోపల మల్లొక్కసారి సూడాలె ఎండ," అంది. సమ్మన్న, "మా ఆమె ఒప్పుకుంటె నేను ఒప్పుకున్నట్టే," అన్నాడు. ఇక మా ఇల్లు మిగిలింది.

"నేను ఒప్పుకోను," అంది మా అమ్మ. లేచి ఇంట్లోకి పోయింది.


అదే రోజు, సాయంత్రం

గల్లీ అంతా మా గుమ్మం వైపు చూస్తోంది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ముంజేతులకు వెన్న రాసుకుంటోంది. రోజూ రాసుకుంటుంది. నేను రోజూ చూస్తాను, చూసినట్టు ఉండను. ఆ చర్మం పగిలిన చెరువు మట్టిలా ఉంటుంది.

"చెట్లన్నీ చస్తయ్ అవ్వా," అన్నాను.

"సావనియ్యి. మనుషులు బతుకుతరు." చేతులు నా ముందు చాచింది. "నువ్వు ఎండను పుస్తకంల సదివినవ్. నేను గీడ సదివిన. మొదటి దినం నన్ను నట్టనడి పగటిపూట ఎక్కిచ్చిన్రు. తెల్లారెవరకు తోలు లేసచ్చింది. వారం దినాలు మీ అమ్మమ్మ నోట్లె ముద్ద వెట్టింది. నువ్వు గల్లీ పిల్లలందర్ని గా ఎండల నిలవెడుతనంటున్నవ్."

ఆ చేతులు పట్టుకుని అడిగాను.

"మల్ల ఎట్లెక్కినవ్?"

"ఎక్కక తప్పుతదా? ఈసారి చీకట్లనే ఎక్కిన. పొద్దు వొడవంగనే దిగిన. రెండో దినం ఇంకింత సేపున్న. మూడో దినం ఇంకింత. గట్ల గట్ల తోలు అలవాటు వడ్డది. ఎండేం పగోడు గాదు. దాన్ని మెల్లగ ఇంట్లెకు రానియ్యాలె, గంతే."

నేను లేచి నిలబడ్డాను. "అవ్వా! నర్సరీల మొక్కలకు చేసేది గూడ గదే! వల కింద పెరిగినదాన్ని ఒక్కసారే బయట పెడితే ఆకు మాడుతది. పొద్దున కొంచెం, మరునాడు ఇంకొంచెం, గట్ల అలవాటు చేస్తరు. రోజంతా తెరవద్దు. పొద్దున్నే తెరిచి ఎండ ముదరంగనే మూసేద్దాం!"

"మూసేటోళ్లెవరు? మోటరు మూయదనె గద మీ సారు."

"మీరు. కప్పు తుడిచేటోళ్లందరు."

అమ్మ పొయ్యిలోకి కట్టెను ఎగదోసింది. మేమిద్దరం ఇలా ఒకే పని గురించి మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. నా చదువు ఆమెకు ఎప్పుడూ దూరపు ఊరి సంగతి.

"ఒక షరతు," అంది. "ఎప్పుడు తెరవాలె, ఎప్పుడు మూయాలె, నేను జెప్త. నువ్వు గాదు, మీ ముజీబ్ సారు గాదు. నేను మూయిమన్నంక చెట్టు ఏడ్సినా ఇనద్దు."

"ఇనను."

"గట్లయితె పో. బయట మెడలు సాపుకొని నిలవడ్డరు, చెప్పు పో."

నేను గుమ్మం దాటేలోపే గల్లీలో ఈలలు వేశారు. గోడకు చెవులు పెట్టి విన్నారన్నమాట!


రోహిణి కార్తె, మొదటి రోజు

ఇది ఎలా రాయాలి?

చీకట్లో అమ్మ, ఆమెతో పనిచేసేవాళ్లు పైకి ఎక్కారు. పలకలకు తాళ్లు కట్టారు. పైనుంచి అమ్మ గొంతు, "గుంజూ!" అని. అందరూ ఒక్కసారే, "హా!" పలక కిర్రుమంది. "గుంజూ!" "హా!" గల్లీ నడిమధ్య ఒక చీలిక. మజ్జిగ రంగు కాని వెలుగు. నీలం! చీలిక వెడల్పయింది. ముందు గాలి వచ్చింది. ఫ్యాను గాలి కాదు, ఎటునుంచి వస్తుందో తెలియని గాలి. చెట్ల ఆకులు కదిలాయి. నాటిన తర్వాత వాటంతటవి కదలడం అదే మొదలు.

తర్వాత తూర్పు గోడ మీది నుంచి ఎండ దిగింది.

అందరికీ నీడలు వచ్చాయి! కప్పు కింద మాకు ఉండేది కాళ్ల దగ్గర మసక. ఇప్పుడు ఒక్కొక్కరికీ నల్లగా, పొడుగ్గా, వేళ్లతో సహా నీడ. పిల్లలు తమ నీడను తొక్కాలని పరుగులు. తొక్కలేక ఏడుపు. సమ్మన్న మూడుసార్లు తుమ్మాడు. వాళ్లావిడ అతని ముఖంలోకి చూసి, "అయ్యో, గింత తెల్లవడ్డదా నీ నెత్తి!" అంది. కొమురమ్మ పెద్దమ్మ రెండు చేతులూ చాచి, అరచేతుల్లో వేడిని పట్టుకున్నట్టు పట్టుకుని, ముఖానికి రాసుకుంది.

నేను మా కానుగ పట్టీ చూస్తూ నిలబడ్డాను. ఎరుపు. ఇంకా ఎరుపు. ఏం ఫరవాలేదు, ఒక్క రోజుకే మారదు.

"ఇంగ సాలు! ఇండ్లల్లకు పోండ్రి!" పైనుంచి అమ్మ.

"ఇంకొంచెం సేపు అవ్వా!" అని అరిచింది నేనే.

"నిన్న ఏమన్నవ్?"

గల్లీ అంతా నన్ను చూసి నవ్వింది. పలకలు మూసుకున్నాయి.


రోహిణి కార్తె, మధ్యలో

రోజూ కొంచెం ఎక్కువసేపు తెరుస్తున్నాం. మట్టి పైన నెర్రెలు కనిపిస్తున్నాయి. నిన్న ఎరుపు పోయి పసుపు వచ్చిన చెట్లు పది!

ఈ రోజు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. మూసే వేళకు నడిమి పలక ఇరుక్కుంది. తాడు తెగింది. పైన అమ్మవాళ్లు కొత్త తాడు కడుతుంటే ఎండ నిమిష నిమిషానికీ ముదురుతోంది. వడగాలి మొదలైంది. మూసుకోని ఆ సందు కింద ఉన్న చెట్ల ఆకులు కళ్లముందే ముడుచుకుంటున్నాయి. ఇప్పుడే కోలుకుంటున్న ఆకులు. ఇవి పోతే లెక్క తప్పుతుంది.

పక్కింటావిడ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. చెట్టు దాకా వచ్చి ఆగింది. "పొయ్యాల్నా?" అని నన్ను అడిగింది.

"వద్దు! దుప్పటి తే!"

ఒక్కో ఇంట్లోంచి దుప్పట్లు, చీరలు, గోనెసంచులు వచ్చాయి. ఒక్కో చెట్టుకు నలుగురు నాలుగు కొసలు పట్టుకుని నెత్తి మీదికి ఎత్తారు. చెట్టు నీడలో ఉంది. పట్టుకున్నవాళ్లు ఎండలో. సమ్మన్న, వాళ్లావిడ ఒకే చీర రెండు కొసలు పట్టుకున్నారు.

"చేతులు దించకు," అంది ఆవిడ.

"పెండ్లిల తెర గూడ గింతసేపు వట్టలే," అన్నాడు సమ్మన్న. చెమట ధారలు కారుతున్నా నవ్వాడు.

కొమురమ్మ పెద్దమ్మను లోపలికి పొమ్మంటే పోలేదు. నా దుప్పటి నాలుగో కొస ఆమెదే. పైన "గుంజూ!" అన్నప్పుడల్లా కింద గల్లీ అంతా "హా!" అంది. చివరికి పలక కదిలింది. నీడ మా మీదికి జారుతూ వచ్చింది.

అమ్మ దిగి వచ్చేసరికి అరచేతులు తాడుకు కోసుకుపోయి ఉన్నాయి. ముందు చెట్లను చూసింది. తర్వాత ఎర్రగా కమిలిన మా ముఖాలను చూసింది.

"పిచ్చి ముండలు," అంది. "నేనే మొదటి దినం గింతసేపు నిలవడలే." ఇంట్లోకి పోయి వెన్న గిన్నె తెచ్చి, వరసగా అందరి ముఖాలకూ పూసింది. సమ్మన్నకు కూడా.


రోహిణి కార్తె, చివర

చిగుర్లు!

ముందు నేరేడుకు. రాగి రంగులో, చిటికెన వేలు గోరంత. తర్వాత కానుగలకు లేత పచ్చ, మైనం పూసినట్టు మెరుస్తూ. పట్టీలు ఒక్కొక్కటిగా ఎరుపు వదులుతున్నాయి. నేను ఈ చివర నుంచి ఆ చివరకు రోజుకు ఎన్నిసార్లు నడుస్తున్నానో నాకే తెలియదు. కొన్ని చెట్లు చనిపోయాయి. వాటిని పీకేద్దామంటే ఆ ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. ముజీబ్ సారు వచ్చి లెక్కపెట్టేదాకా ఉండనిమ్మని వాళ్లే అన్నారు. వాటి పక్కన నిలబడి మాట్లాడటం మానేశాను, వాళ్లు బాధపడుతున్నారని.


మృగశిర కార్తె, మొదటి రోజు

ముజీబ్ సారు తెల్లారకముందే వచ్చాడు. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, పట్టీ చూసి, బెరడు గోటితో గీకి, లోపలి పచ్చదనం చూసి ముందుకు పోతున్నాడు. గల్లీ అంతా ఆయన వెనకాల. ఎవరి చెట్టు దగ్గరికి వస్తే వాళ్లు ముందుకు తోసుకొచ్చారు. చనిపోయిన చెట్టు దగ్గర ఆ ఇంటి తల్లి తలదించుకుంది. ఆయన ఆ చెట్టును కూడా గీకి చూశాడు, తొందరపడలేదు. పడమటి వైపు ఒక తెల్లమద్ది, నేను ఎండిపోయిందనుకున్నది, గీకితే పచ్చగా ఉంది. ఆ ఇంటి ముసలాయన చప్పట్లు కొట్టాడు.

చివరి చెట్టు మాది. గీకాడు. తలెత్తాడు.

"తొంబై మూడు," అన్నాడు. "తొంబై సాలు. మీకు మూడు ఎక్కువనే ఉన్నయ్."

ఆ తర్వాత ఎవరు ఎవరిని పట్టుకుని ఎగిరారో రాయలేను. కొమురమ్మ పెద్దమ్మ ముజీబ్ సారు బుగ్గలు రెండూ గిల్లింది. నలభై ఏళ్లు పలకలు బిగించిన ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, పైకి చూసి, "ఓదెమ్మా, ఇప్పు!" అని అరిచాడు.

పైన అమ్మ, ఆమె మనుషులు పలకలను ఒక్కొక్కటిగా విప్పి తాళ్లతో కిందికి దించారు. వాటిని పక్క గల్లీలకు తీసుకుపోవడానికి బండ్లు వచ్చాయి. మధ్యాహ్నానికి మా నెత్తి మీద ఏమీ లేదు. ఆకాశం తప్ప.

"ఓదెమ్మక్కా, కప్పే పాయె. ఇంగ నీకేం పని?" అని సమ్మన్న కింది నుంచి అడిగాడు.

"ఊరి నిండ కప్పులే ఉన్నయ్ తియ్," అంది అమ్మ నిచ్చెన దిగుతూ. "అవన్ని ఇప్పెదాక నా పనే."

ముఖానికి చుట్టుకున్న గుడ్డ విప్పింది. గల్లీలో ఎండ గోడలను అంటుకుని ఉంది. అమ్మ నేరుగా మా కానుగ దగ్గరికి పోయి, దాని మొదట్లో నీడ ఎక్కడ ఉందో వెతికింది. చాటంత ఉంది. అందులో ఒదిగి కూర్చుని, మోకాళ్లు ముడుచుకుని, కళ్లు మూసుకుంది.

నేనూ పక్కన కూర్చోబోయాను.

"ఏడ కూసుంటవ్? ఇద్దరికి సరిపోదిది," అంది కళ్లు తెరవకుండానే. "వచ్చే యాడాదికి కూసుందువు గని. ఇయ్యాల నాకిడువు."

వదిలేశాను. ఎండలో నిలబడి, నా నీడను ఆమె కాళ్ల మీద పడేలా జరిపి, ఇది రాస్తున్నాను.